ఆల్బమ్‌లో రంగు మారితే తప్పు గ్రాఫిక్స్ కార్డుదేనా?

పెళ్లి ఆల్బమ్ ల్యాబ్ నుంచి వచ్చింది. డిజైన్ చేసేటప్పుడు కంప్యూటర్‌లో పెళ్లికూతురి పట్టుచీర నిండు మెరూన్‌లో ధగధగలాడింది. షీటు మీద చూస్తే ఇటుక పొడి చల్లినట్టుంది. ముహూర్తం వేళ తీసిన ఫొటోల్లో పందిరి కింద కూర్చున్నవాళ్ల ముఖాలు నల్లబడ్డాయి. ఇంటివాళ్లు స్టూడియోను అడుగుతారు, స్టూడియోవాళ్లు ల్యాబ్‌ను అడుగుతారు, ల్యాబ్‌వాళ్లు "మీరు పంపిన ఫైలే అలా ఉందండీ" అని ఫోన్ పెట్టేస్తారు. చివరికి డిజైనర్ కంప్యూటర్ షాపుకు వెళ్లి, "ఇంకాస్త మంచి గ్రాఫిక్స్ కార్డు వేస్తే రంగులు కరెక్ట్‌గా వస్తాయా అన్నా?" అని అడుగుతాడు. వస్తాయనే జవాబు అక్కడ సిద్ధంగా ఉంటుంది. షాపులో ఖరీదైన వస్తువుల్లో అదొకటి మరి.

రావు. గ్రాఫిక్స్ కార్డు అంటే కంప్యూటర్‌లో బొమ్మను తయారుచేసి తెరకు పంపే భాగం. ఆ చీర రంగు మారడానికీ, ముఖాలు నల్లబడడానికీ కార్డుతో దాదాపు సంబంధం లేదు. కార్డు రంగును పాడుచేసే సందర్భాలు కొన్ని ఉన్నాయి, వాటి సంగతి తర్వాత చూద్దాం. కానీ బాగుచేసే శక్తి దానికి లేదు. అయినా ఇంతమంది ఇలా నమ్ముతున్నారంటే దానికో కారణం ఉంది. ఒకప్పుడు ఆ మాట నిజమే.

నీలం ప్లగ్గు కాలం

వెనక పెద్ద డొప్ప ఉన్న పాత మానిటర్లు గుర్తున్నవాళ్లకు 15 పిన్నుల నీలం ప్లగ్గు కూడా గుర్తుంటుంది. అదే వీజీఏ. ఆ తీగలో వెళ్లేది అంకెలు కాదు, వోల్టేజీ. కంప్యూటర్ లోపల అంకెలుగా ఉన్న బొమ్మను వోల్టేజీగా మార్చే పని కార్డులోని రామ్‌డాక్ అనే భాగం చేసేది. ఆ భాగం, దాని చుట్టూ ఉన్న ఫిల్టర్లు చౌకరకమైతే అక్షరాలు మసకబారేవి, గీతల పక్కన నీడలు పడేవి, రిజల్యూషన్ పెంచేకొద్దీ బొమ్మ మెత్తబడిపోయేది. అందుకే డీటీపీ సెంటర్లవాళ్లు, ప్రెస్సులవాళ్లు మాట్రాక్స్ కార్డుల కోసం వెతికేవారు. 1999లో వచ్చిన మాట్రాక్స్ జీ400కు ఆటల వేగం కంటే బొమ్మ స్పష్టతే పేరు తెచ్చిపెట్టింది.

అదే 1999లో కంప్యూటర్‌ను తెరకు కలిపే డీవీఐ అనే కొత్త ప్రమాణం వచ్చింది. ఆ తర్వాత హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్ వచ్చాయి. వీటన్నిటిలో వెళ్లేది అంకెలే. ఒక చుక్కకు 200 ఎరుపు, 30 ఆకుపచ్చ, 45 నీలం అని ఫొటోషాప్ చెప్తే కార్డు ఆ మూడు అంకెలనే తీగలోకి పంపుతుంది. ప్రాసెసర్‌తోపాటే వచ్చిన ఇంటెల్ గ్రాఫిక్స్ అయినా, లక్ష రూపాయల కార్డయినా పంపేవి అవే మూడు. తీగ పాడైతే తెర మీద మిణుకుమిణుకుమని చుక్కలు కనిపిస్తాయి, లేదా తెర నల్లబడి మళ్లీ వెలుగుతుంది. అంతేగానీ ఎరుపు కాస్త తగ్గడం, చర్మం రంగు కాస్త పాలిపోవడం లాంటివి డిజిటల్ తీగలో జరగవు. "బంగారు పూత కేబుల్ వేస్తే కలర్స్ బాగుంటాయి" అనేవాళ్లతో వాదించడం అనవసరం. వాళ్లకు కేబుల్ అమ్ముడుపోవాలి.

మరి 200 అంటే ఎంత ఎరుపు? అసలు చిక్కంతా ఈ ప్రశ్నలోనే ఉంది. జవాబు చెప్పేది మానిటర్. ఒక మానిటర్‌లో 200 అంటే కుంకుమ, ఇంకోదాంట్లో దానిమ్మ గింజ, మరోదాంట్లో వెలిసిపోయిన చాక్లెట్ కాగితం. ఈ గొడవ తీర్చడానికే హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి 1996లో ఎస్‌ఆర్‌జీబీ అనే ఒప్పందాన్ని ముందుకు తెచ్చాయి. 1999లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది. ఎరుపు అంటే ఇదీ, ఆకుపచ్చ అంటే ఇదీ, తెలుపు అంటే 6500 కెల్విన్ల పగటి వెలుగులాంటిదీ అని అది అంకెలకు అర్థం కట్టింది. ఇవాళ్టికీ ఇంటర్నెట్‌లో తిరిగే ఫొటోల్లో ఎక్కువభాగం, ల్యాబులు అడిగే జేపెగ్‌లు దాదాపు అన్నీ ఎస్‌ఆర్‌జీబీలోనే ఉంటాయి.

అట్టపెట్టె మీద 45 శాతం

రంగు తప్పే మొదటి చోటు తెర పలక. ల్యాప్‌టాప్ కొనేటప్పుడు ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు పేర్లన్నీ పెద్దక్షరాల్లో ఉంటాయి. వివరాల పట్టిక అడుగున ఎక్కడో "45 శాతం ఎన్‌టీఎస్‌సీ" అని చిన్నగా ఉంటుంది. ఫొటో పని చేసేవాళ్లు మొదట చూడాల్సిన అంకె అదే.

ఎన్‌టీఎస్‌సీ అనేది 1953 నాటి అమెరికా కలర్ టీవీ ప్రమాణం. ఆ టీవీలు ఎప్పుడో పోయాయి, కొలబద్ద మాత్రం ల్యాప్‌టాప్ అట్టపెట్టెల మీద మిగిలింది. ఎస్‌ఆర్‌జీబీ రంగుల పరిధి మొత్తం కలిపితే ఎన్‌టీఎస్‌సీలో సుమారు 72 శాతం అవుతుంది. కాబట్టి 45 శాతం తెర అంటే ఎస్‌ఆర్‌జీబీలో మూడింట రెండొంతులు కూడా చూపలేని తెర. అందులో పసుపు పాలిపోతుంది, కుంకుమ నారింజ వైపు జారుతుంది, అరిటాకు బూడిద రంగు పులుముకుంటుంది. దాన్ని చూసి డిజైనర్ ఏం చేస్తాడు? రంగుల గాఢతను, అంటే శాచురేషన్‌ను, పెంచుతాడు. ఆ తెర మీద అప్పటికి బాగానే ఉంటుంది. అదే ఫైలు ల్యాబ్‌కు వెళ్లాక పెళ్లికొడుకు చెంపలు టమాటాల్లా వస్తాయి.

చిత్రమేమిటంటే ఇలాంటి తెరలు గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో కూడా ఉంటాయి. గట్టి గ్రాఫిక్స్ కార్డు ఉంటుంది కదా అని ఫొటో పనికి కొనేది సరిగ్గా వాటినే. అరవై, డెబ్బై వేలు పెట్టి కొన్నది చివరికి అంకెలను వేగంగా లెక్కపెట్టి, వాటిని సగం కళ్లు మూసుకున్న తెరకు అప్పగిస్తుంది. గ్రాఫిక్స్ కార్డు ఒక మెట్టు తగ్గినా సరే, వంద శాతం ఎస్‌ఆర్‌జీబీ అని రాసి ఉన్న తెరను ఎంచుకుంటే ఫొటో పనికి అదే లాభం. చాలా ల్యాప్‌టాప్‌లలో తర్వాత ర్యామ్ మార్చుకోవచ్చు, డిస్క్ మార్చుకోవచ్చు. తెర మార్చడం అంత సులువు కాదు.

పలకల రకాల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. టీఎన్ పలకల్లో తల కాస్త పైకెత్తి చూస్తే ఒక రంగు, దించి చూస్తే ఇంకో రంగు. వాటిలో ఒక్కో రంగుకు సాధారణంగా 64 మెట్లే ఉంటాయి, మిగతావి చుక్కలను పక్కపక్క మెట్ల మధ్య వేగంగా మారుస్తూ కన్నును నమ్మించేవి. వీఏ పలకల్లో నలుపు బాగుంటుంది గానీ పక్కల నుంచి చూస్తే నీడల వివరం మారిపోతుంది. ఫొటోకు, పక్కల నుంచి చూసినా రంగు పెద్దగా మారని ఐపీఎస్ చాలు. ఓలెడ్ అందంగానే ఉంటుంది. కానీ రోజుకు పది గంటలు ఫొటోషాప్ టూల్‌బార్ ఒకేచోట వెలుగుతూ ఉంటే దాని ముద్ర తెర మీద శాశ్వతంగా పడిపోవచ్చు.

ఎక్కువ రంగులు చూపే తెరతో వచ్చే చిక్కు

ఇప్పుడు మొదట చెప్పుకున్న మెరూన్ చీర దగ్గరికి వద్దాం. ఆ డిజైనర్‌ది చవక తెర కాదు. "95 శాతం డీసీఐ-పీ3" అని రాసి ఉన్న కొత్త మానిటర్. సినిమా ప్రదర్శన కోసం పుట్టిన డీసీఐ-పీ3లో ఎరుపు, ఆకుపచ్చ ఎస్‌ఆర్‌జీబీ కంటే దూరం వెళ్తాయి. తెర ఎక్కువ రంగులు చూపగలదంటే మంచిదే కదా అనిపిస్తుంది. ఆ తెర ఎంత చూపగలదో సాఫ్ట్‌వేర్‌కు తెలిసినంతవరకు మంచిదే.

తెలియకపోతే ఇలా అవుతుంది. ఎస్‌ఆర్‌జీబీ ఫైలులో చీర ఎరుపు 200 అని ఉంది. మానిటర్ ఆ 200ను తన సొంత ఎరుపులో 200గా వెలిగిస్తుంది. దాని ఎరుపు అసలే గాఢం కాబట్టి చీర ఉన్నదానికంటే నిండుగా కనిపిస్తుంది. చూసినవాడికి తృప్తి కలుగుతుంది, ఇంక దాని జోలికి వెళ్లడు. ల్యాబ్ యంత్రం మాత్రం 200ను ఎస్‌ఆర్‌జీబీ లెక్కలోనే చదువుతుంది. అప్పుడు బయటపడేది ఫైలులో మొదటినుంచీ ఉన్న ఇటుక రంగే. ల్యాబ్ రంగు తగ్గించలేదు. మానిటర్ ఇన్నాళ్లూ పెంచి చూపించింది.

దీనికి మందు ప్రొఫైల్. ఫలానా తెర ఎరుపు ఇంత, ఆకుపచ్చ ఇంత, తెలుపు ఇంత అని రాసి ఉండే చిన్న ఫైలు అది. 1993లో ఏర్పడిన ఇంటర్నేషనల్ కలర్ కన్సార్టియం దానికి ఒక ఉమ్మడి రూపం ఇచ్చింది. ఫొటోషాప్, లైట్‌రూమ్ లాంటి ఫొటో ఎడిటింగ్ ప్రోగ్రాములు ఈ ప్రొఫైల్‌ను చదివి, తెర ఎరుపు గాఢం కాబట్టి 200 బదులు తక్కువ అంకె పంపిస్తాయి. అప్పుడు కనిపించేది అసలు రంగు. మ్యాక్‌లో ఈ పని ఆపరేటింగ్ సిస్టమే దాదాపు అన్నిచోట్లా చూసుకుంటుంది. విండోస్‌లో చాలాకాలంగా ఏ ప్రోగ్రామ్‌కు ఆ ప్రోగ్రామే ప్రొఫైల్ చదువుకోవాలి. చదవనివి చాలా ఉన్నాయి. ఒకే ఫొటో ఫొటోషాప్‌లో ఒకలా, ఫోల్డర్‌లోంచి తెరిస్తే ఇంకోలా కనిపిస్తోందని తల పట్టుకునేవాళ్లకు కారణం ఎక్కువగా ఇదే.

ప్రొఫైల్ గొడవంతా ఎందుకనుకుంటే సులువైన దారి ఒకటుంది. ఇలాంటి మానిటర్లలో చాలావాటి మెనూలో ఎస్‌ఆర్‌జీబీ మోడ్ ఉంటుంది. అది పెడితే తెర తన ఎక్కువ రంగులను దాచుకుని ఎస్‌ఆర్‌జీబీ పరిధికి కట్టుబడుతుంది. కొన్నింటిలో ఆ మోడ్‌లో వెలుతురు మార్చుకోనివ్వరు, అదొక విసుగు. అయినా జేపెగ్ తయారుచేసి ల్యాబ్‌కు పంపడమే పనైన స్టూడియోకు ఈ ఒక్క మీటతో సగం ఫిర్యాదులు పోతాయి. పైసా ఖర్చు లేదు.

అడోబీ 1998లో తెచ్చిన అడోబీ ఆర్‌జీబీ సంగతి దీనికి తలకిందులు. కెమెరాలో ఆ ఆప్షన్ ఉంది కదా అని పెట్టుకుని, ఆ ఫైళ్లనే మార్చకుండా ల్యాబ్‌కు పంపితే, ప్రొఫైల్ పట్టించుకోని ల్యాబ్ యంత్రం వాటిని ఎస్‌ఆర్‌జీబీగా చదివి నీరసమైన రంగులు అచ్చేస్తుంది. ల్యాబ్ ప్రత్యేకంగా అడిగితే తప్ప అడోబీ ఆర్‌జీబీ జోలికి వెళ్లకపోవడమే క్షేమం.

ముఖాలు ఎందుకు నల్లబడ్డాయి

ఇది రంగు సమస్య కూడా కాదు, వెలుతురు సమస్య. కొత్త మానిటర్ పెట్టెలోంచి తీసేసరికి చదరపు మీటరుకు 250, 300 క్యాండెలాల వెలుగుతో ఉంటుంది. షాపు ట్యూబులైట్ల మధ్య మెరిసిపోయి కస్టమర్‌ను ఆకట్టుకోవాలి కాబట్టి అలా పెడతారు. అచ్చుతో సరిపోల్చే పనికి అందులో సగం కూడా అక్కర్లేదు, మామూలు గదిలో 100 నుంచి 120 చాలు. మూడింతల వెలుగులో చూస్తే చీకటి ముఖం కూడా తేటగా కనిపిస్తుంది. అందుకని డిజైనర్ ఫొటో వెలుతురును, అంటే ఎక్స్‌పోజర్‌ను, పెంచడు. కాగితం సొంతంగా వెలగదు, గదిలో పడ్డ కాంతిని తిప్పి పంపుతుంది, అంతే. ఆల్బమ్ తెరిచేసరికి ముఖాలు చీకట్లో ఉంటాయి.

తనిఖీకి పరికరం కూడా అక్కర్లేదు. తెర మీద ఖాళీ తెల్ల డాక్యుమెంట్ తెరవాలి. ఏ4 తెల్లకాగితం ఒకటి మానిటర్ పక్కన, గది వెలుతురు దానిమీద పడేలా పట్టుకోవాలి. తెర దీపంలాగా, కాగితం దాని ముందు బూడిదరంగు గుడ్డలాగా కనిపిస్తే వెలుగు ఎక్కువైనట్టు. రెండూ దగ్గరదగ్గరగా ఒకే తెలుపుగా కనిపించేదాకా మానిటర్ వెలుగు తగ్గించాలి. మొదటి రెండు రోజులు తెర డల్‌గా ఉన్నట్టు అనిపిస్తుంది, తర్వాత కన్ను అలవాటు పడుతుంది. అన్నట్టు, ఈ కాగితం పరీక్ష చేసినప్పుడు చాలామంది గమనించే రెండో విషయం, తెర తెలుపు నీలంగా ఉండడం. అది కూడా షాపు మెరుపు కోసం పెట్టిన సెట్టింగే.

గది కూడా ఈ లెక్కలోకే వస్తుంది. స్టూడియో గోడకు పిస్తా ఆకుపచ్చో, గులాబీ రంగో వేసి ఉంటే ఆ గోడమీద పడిన వెలుగు తెర మీదికీ, ప్రింటు మీదికీ తిరిగొస్తుంది. రోడ్డువైపు అద్దాల తలుపు ఉన్న షాపులో మధ్యాహ్నం సరిచేసిన ఫొటో రాత్రికి ఇంకోలా కనిపిస్తుంది. బూడిద రంగు గోడ, మారని వెలుతురు, తెరకు ఎదురుగా కిటికీ లేని చోటు దొరికితే ఖర్చు లేకుండా చాలా మెరుగు. విండోస్‌లో నైట్ లైట్, మ్యాక్‌లో ట్రూ టోన్ లాంటివి ఆన్‌లో ఉన్నాయేమో చూసుకోవాలి. సాయంత్రం ఆరు దాటాక తెర నెమ్మదిగా పసుపెక్కుతుంటే, దాన్ని సరిచేద్దామని ఫొటోకు నీలం కలిపినవాళ్లు కోకొల్లలు.

కార్డు ఎక్కడ పాడుచేస్తుంది

కార్డు రంగును మెరుగుపరచదు సరే, చెడగొట్టే చోట్లు మాత్రం ఉన్నాయి. వాటిలో ఏ ఒక్కటీ ఖరీదైన కార్డుతో పోయేది కాదు, సెట్టింగుతోనో, తీగతోనో, మానిటర్‌తోనో పోయేవే.

హెచ్‌డీఎంఐ టీవీల కోసం పుట్టింది. టీవీ లోకంలో నలుపు అంటే 16, తెలుపు అంటే 235. కంప్యూటర్ లోకంలో నలుపు సున్నా, తెలుపు 255. కొన్నిసార్లు కార్డు మానిటర్‌ను టీవీ అనుకుని 16 నుంచి 235 మధ్యలోనే అంకెలు పంపుతుంది. మానిటర్ 0 నుంచి 255 వస్తాయని చూస్తుంటే నలుపంతా బూడిదగా, ఫొటో అంతా పొగమంచు పట్టినట్టు కనిపిస్తుంది. తిరగబడితే ఇంకా ప్రమాదం. కార్డు పూర్తి పరిధి పంపి, మానిటర్ 16 కింద ఉన్నదంతా నలుపే అనుకుంటే నీడల్లోని వివరం మాయమవుతుంది. పూలజడలో పాయలు కలిసిపోయి నల్లటి తాడులా కనిపిస్తాయి, పెళ్లికొడుకు కోటు మీద నేత కనిపించదు. ఎన్విడియా కంపెనీ కార్డయితే దాని కంట్రోల్ ప్యానెల్‌లో అవుట్‌పుట్ డైనమిక్ రేంజ్ అనే చోట ఫుల్ అని పెట్టాలి. ఏఎండీ కంపెనీదైతే పిక్సెల్ ఫార్మాట్ దగ్గర ఆర్‌జీబీ ఫుల్ ఎంచుకోవాలి. మానిటర్ మెనూలోనూ అదే ఉందో లేదో చూడాలి. రెండు నిమిషాల పని.

రెండోది తీగ వెడల్పు. హెచ్‌డీఎంఐ 1.4లో, అడ్డంగా దాదాపు నాలుగువేల చుక్కలుండే 4కె తెర సెకనుకు 30 సార్లే పూర్తి రంగుతో నడుస్తుంది. హెచ్‌డీఎంఐ 2.0లో 60 సార్లు నడుస్తుంది, కానీ ఒక్కో రంగుకు 8 బిట్లే, అంటే 256 మెట్లే, పడతాయి. 10 బిట్లు, అంటే 1024 మెట్లు, కావాలని సెట్ చేస్తే తీగలో చోటు చాలక రంగు సమాచారాన్ని కుదించి పంపుతుంది. వెలుతురు వివరం మొత్తం వెళ్తుంది, రంగు మాత్రం రెండు చుక్కలకు ఒకటి చొప్పున. సినిమాలో అది ఎవరికీ తెలియదు. ఎర్రచీర మీద సన్నజరీ అంచును వంద శాతం జూమ్‌లో చూస్తే తెలుస్తుంది, అంచు చుట్టూ రంగు ఊరినట్టుంటుంది. డిస్‌ప్లేపోర్ట్‌లో 1.2 నుంచే 4కె, సెకనుకు 60 సార్లు, 10 బిట్లు మూడూ కలిపి పడతాయి. కాబట్టి కార్డుకూ మానిటర్‌కూ డిస్‌ప్లేపోర్ట్ ఉంటే దాన్నే వాడడం మేలు.

మూడోది కాస్త లోపలి సంగతి. మానిటర్‌ను రంగు కొలిచే పరికరంతో (దాని సంగతి చివర్లో) సరిచేశాక ఆ సవరణ ఎక్కడో ఒకచోట అమలవ్వాలి. మామూలు మానిటర్లకు అది కార్డులోని చిన్న పట్టికలో కూర్చుంటుంది. ఉదాహరణకు తెర నీలంగా ఉందనుకుందాం. పట్టిక నీలాన్ని 255 దగ్గర ఆపకుండా 220 దగ్గరే ఆపుతుంది. తెలుపు సరవుతుంది, కానీ నీలానికి ఉన్న 256 మెట్లలో 221 మాత్రమే మిగిలాయి. ఆకాశం లాంటి మెల్లగా మారే రంగుల్లో ఆ తెగిన మెట్లు పట్టీలు పట్టీలుగా కనిపిస్తాయి. పైగా ఈ పట్టిక నిలకడ లేనిది. కార్డును నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, అప్‌డేట్ అయినా, ఒక్కోసారి కంప్యూటర్ నిద్రలోంచి లేచినా, ఏదైనా గేమ్ ఆడినా చెరిగిపోవచ్చు. ఎవరూ చెప్పరు, తెర మళ్లీ నీలమెక్కుతుంది. దీన్ని తప్పించడానికే ఐజో కలర్‌ఎడ్జ్, బెన్‌క్యూ ఎస్‌డబ్ల్యూ వరసలాంటి ఫొటో మానిటర్లు సవరణను తమ లోపలే, ఎక్కువ మెట్లున్న పట్టికలో దాచుకుంటాయి. అప్పుడు కార్డు మార్చినా మానిటర్ సెట్టింగ్ చెక్కుచెదరదు. ఎక్కువ డబ్బు పెట్టాలంటే పెట్టాల్సిన చోటు ఇది.

ల్యాప్‌టాప్‌ల విషయంలో ఒక చిన్న మెలిక. రెండు గ్రాఫిక్స్ ఉన్న చాలా ల్యాప్‌టాప్‌లలో లోపలి తెర తీగ ఇంటెల్ లేదా ఏఎండీ చిన్న గ్రాఫిక్స్‌కే కలిపి ఉంటుంది. ఎన్విడియా కార్డు లెక్కలు చేసి దానికి అప్పజెప్తుంది. ఎన్విడియా ప్యానెల్ తెరిచి డిస్‌ప్లే సెట్టింగులు లేవేమిటని కంగారు పడేవాళ్లకు జవాబు ఇదే. అంటే లక్ష పెట్టి కొన్న కార్డున్న ల్యాప్‌టాప్‌లో కూడా తెరకు అంకెలు అందిస్తున్నది ఆ చిన్న గ్రాఫిక్సే. రంగులో తేడా ఏమీ లేదు!

10 బిట్లు, క్వాడ్రో, పాత సలహాలు

ఫొటో పనికి క్వాడ్రో కార్డే, అంటే ఎన్విడియా వృత్తి పనుల కోసం అమ్మిన కార్డే, కొనాలన్న మాట ఇంకా వినిపిస్తుంటుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల సెకండ్ హ్యాండ్ క్వాడ్రోల గురించి అడిగినా ఈ మాట ఎదురవ్వచ్చు. దాని వెనక ఉన్న నిజం ఇది. 8 బిట్లలో ఒక్కో రంగుకు 256 మెట్లు, 10 బిట్లలో 1024. ఫొటోషాప్ 10 బిట్లను తెరకు పంపేది ఓపెన్‌జీఎల్ అనే, ప్రోగ్రాములు కార్డుతో మాట్లాడే దారిలో. ఎన్విడియా ఆ దారిని చాలాకాలం క్వాడ్రోలకే తెరిచి ఉంచింది, ఆటల కోసం వచ్చే జీఫోర్స్‌లకు మూసింది. 2019 జూలైలో స్టూడియో డ్రైవర్‌తో జీఫోర్స్‌లకూ తెరిచేసింది. ఆ రోజుతో క్వాడ్రో సలహాకు కాలం చెల్లింది. సలహా మాత్రం పాత వీడియోల్లో బతికే ఉంది.

అసలు 10 బిట్లు ఎంత అవసరం? కెమెరా జేపెగ్‌గా మార్చకుండా దాచిన రా ఫైలును 16 బిట్లలో తెరిచి, సాయంత్రపు ఆకాశాన్నో, స్టూడియో బ్యాక్‌గ్రౌండ్‌నో సరిచేస్తుంటే తెర మీద కనిపిస్తున్న పట్టీ ఫైలులో ఉందా, తెరదా అన్న అనుమానం తీరుతుంది. అంతే లాభం. చివరికి ల్యాబ్‌కు వెళ్లేది 8 బిట్ల జేపెగ్. తెర, కార్డు, తీగ, సాఫ్ట్‌వేర్ నాలుగూ 10 బిట్లకు ఒప్పుకుంటే తప్ప అది పనిచేయదు కూడా. ఉంటే సంతోషం, దానికోసం అప్పు చేయనక్కర్లేదు.

మరి గ్రాఫిక్స్ కార్డు దేనికి? వేగానికి. 12 అంగుళాలు బై 36 అంగుళాల ఆల్బమ్ షీటు 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన, 3600 బై 10800 చుక్కలవుతుంది, అంటే దాదాపు 3.9 కోట్లు. అలాంటి షీటు మీద పదిహేను లేయర్లు పెట్టి జూమ్ చేస్తూ, తిప్పుతూ ఉంటే కార్డు ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. 2023 ఏప్రిల్‌లో లైట్‌రూమ్‌లో వచ్చిన, ఫొటోలోని గరుకుచుక్కలను తీసేసే ఏఐ డీనాయిజ్‌తో ఇంకా తెలుస్తుంది. రాత్రి బరాత్‌లో చీకటి కాబట్టి ఎక్కువ ఐఎస్‌ఓతో, అంటే కెమెరా కాంతి సున్నితత్వం పెంచి, తీసిన ఒక్కో రా ఫైలుకు ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్స్ నిమిషాలు తీసుకుంటే, మధ్యరకం ఎన్విడియా ఆర్‌టీఎక్స్ కార్డు సెకన్లలో ముగిస్తుంది. పెళ్లికి రెండువేల ఫొటోలు ఎడిట్ చేసే స్టూడియోకు అది న్యాయమైన ఖర్చే. సెలవు రోజుల్లో పిల్లల ఫొటోలు సరిచేసుకునేవాళ్లకు మాత్రం ఇప్పటి ప్రాసెసర్‌లో వచ్చే గ్రాఫిక్స్ సరిపోతుంది. డిస్‌ప్లేపోర్ట్ ఉంటే అది 4కె తెరను కూడా హాయిగా నడుపుతుంది.

కొలిచే పరికరం

ఇంత చెప్పాక కూడా స్టూడియోల్లో ఎక్కువమంది దగ్గర లేని వస్తువు ఒకటుంది. అరచేతిలో పట్టే, రంగును కొలిచే కలరిమీటర్. డేటాకలర్ స్పైడర్, క్యాలిబ్రైట్ వంటి పేర్లతో దొరుకుతుంది. మానిటర్‌ను అరగంట వెలగనిచ్చి, దాన్ని తెర ముందు వేలాడదీస్తే సాఫ్ట్‌వేర్ ఒక్కో రంగు ముక్కను చూపిస్తుంది, కలరిమీటర్ దాన్ని చదువుతుంది. సాఫ్ట్‌వేర్ తెర ఎంత తప్పిందో లెక్కగట్టి ప్రొఫైల్ రాసి పెడుతుంది. తప్పును డెల్టా ఈ అనే అంకెలో చెప్తారు. సగటున రెండులోపు ఉంటే పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప తేడా కన్నుకు ఆనదు.

కంటితోనే సరిచేసుకోవచ్చు కదా అనేవాళ్లు ఉన్నారు. కన్ను మోసపోవడంలో దిట్ట. పసుపు బల్బు కింద పది నిమిషాలు కూర్చుంటే తెల్లచొక్కా తెల్లగానే కనిపిస్తుంది. తెర నీలంగా ఉన్నా పది నిమిషాల్లో అదే తెలుపని ఒప్పేసుకుంటుంది. పరికరానికి ఈ అలవాటు లేదు. అది ఒక్కటి కొంటే నలుగురు స్టూడియోవాళ్లు పంచుకోవచ్చు, నెలకొకసారి వాడితే చాలు. మధ్యరకం గ్రాఫిక్స్ కార్డు ఒకటి కొనే డబ్బుతో, కాస్త అటూ ఇటూగా, మంచి ఐపీఎస్ మానిటర్, ఈ పరికరం రెండూ వచ్చేస్తాయి. కార్డు కొనడానికి షాపుకు బయల్దేరినవాళ్లకు చెప్పాల్సిన మాట ఇదొక్కటే.

ఇవన్నీ సరిగ్గా చేసినా ఇంకో ఫిర్యాదు మిగులుతుంది: "ఫోన్‌లో ఎంత బాగుందండీ, ఆల్బమ్‌లో అలా లేదేంటి?" అమోలెడ్ తెర ఉన్న చాలా ఫోన్లు వివిడ్ మోడ్‌లో ఉంటాయి, రంగులను కావాలనే పెంచి చూపిస్తాయి. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోకి వెళ్లి న్యాచురల్ అని మారిస్తే అదే ఫొటో ఆల్బమ్‌కు దగ్గరగా వస్తుంది. ఇంటివాళ్లకు ఫొటోలు వాట్సాప్‌లో పంపి ఓకే చేయించుకునే ముందు వాళ్ల ఫోన్‌లోనే ఈ మార్పు చేసి చూపించే స్టూడియోవాళ్లు ఉన్నారు. అంతకంటే నమ్మకమైనది ఇంకోటుంది. ఆల్బమ్ మొత్తం అచ్చుకు పంపే ముందు చీర, చర్మం, పసుపు, నల్లకోటు నాలుగూ ఉన్న ఒక చిన్న టెస్ట్ ప్రింట్‌ను అదే ల్యాబ్‌లో, అదే కాగితం మీద తీయించి, మానిటర్ పక్కన తెల్లని వెలుతురులో పెట్టి చూడడం. రెండూ కలిస్తే మిగతా షీట్లు పంపొచ్చు. కలవకపోతే మొదట చూడాల్సింది మానిటర్ వెలుగు, తర్వాత ప్రొఫైల్.